గుంటలో మిగిలేది

నవంబరు 18 నుంచి 24 దాకా యాంటీబయాటిక్ నిరోధకత మీద ప్రపంచ అవగాహన వారం. 2015లో మొదలైన ఈ వారం ఎలా గడుస్తుందో అందరికీ తెలుసు. ఆస్పత్రి వరండాలో ఒక ఫ్లెక్సీ కడతారు, మెడికల్ కాలేజీ పిల్లలు ర్యాలీ తీస్తారు, డాక్టరు చీటీ లేకుండా మందు కొనొద్దని మైకులో చెబుతారు. మంచిదే. కానీ నెల్లూరులో మైపాడు గేటు దాటి సముద్రం వైపు వెళ్తే కనిపించే రొయ్యల గుంటలు మాత్రం ఈ వారంలో ఎవరి ప్రసంగంలోనూ ఉండవు. ఆ గుంటల నీళ్ళలో, అడుగు బురదలో యాంటీబయాటిక్‌ను ముక్కలు చేయగల బాక్టీరియా ఉంది. వాటి దగ్గరున్న పనిముట్టు ఎంజైము. దాన్ని బయటకు తీసి, శుద్ధి చేసి, దాని నడత కొలిచే పని ఎనభై ఏళ్ళకు పైగా సాగుతోంది. ఇక్కడ ఆ పని గురించి, అది మన తీరంలో ఎందుకు జరగడం లేదన్న దాని గురించి చెప్పుకుందాం.

1940 డిసెంబరు 28న ‘నేచర్’ పత్రికలో ఎడ్వర్డ్ ఏబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ పేర్లతో ఒక చిన్న లేఖ అచ్చయింది. ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్‌ను మందుగా మార్చడానికి తంటాలు పడుతున్న బృందంలోని వాళ్ళే ఇద్దరూ. పెన్సిలిన్‌కు లొంగని పేగు బాక్టీరియాను నూరి, ఆ రసాన్ని పెన్సిలిన్‌లో కలిపారు. మందు పనిచేయడం మానేసింది. రసాన్ని 90 డిగ్రీల వేడిలో అయిదు నిమిషాలు ఉంచితే ఆ గుణం పోయింది. బొప్పాయి పాలలో దొరికే పపైన్ కలిపినా పోయింది. మాంసం త్వరగా ఉడకాలని మన ఇళ్ళలో పచ్చి బొప్పాయి ముక్క వేసేది ఈ పపైన్ కోసమే. అది ప్రోటీన్లను తెగ్గోస్తుంది. అంటే మందును పాడుచేస్తున్నది ఏదో ఒక ప్రోటీను. దాన్ని పెన్సిలినేజ్ అన్నారు. ఆక్స్‌ఫర్డ్ కానిస్టేబుల్ ఆల్బర్ట్ అలెగ్జాండర్‌కు చికిత్స కోసం పెన్సిలిన్ ఎక్కించడం మొదలుపెట్టింది 1941 ఫిబ్రవరిలో. మందు చాలక ఆయన మూత్రంలోంచి తిరిగి తీసి మరీ ఎక్కించారు. మార్చిలో చనిపోయాడు. ఆ రోగికి సూది పడకముందే, ఆ మందును విరిచే ఎంజైము గురించి లోకానికి రాతపూర్వకంగా తెలిసిపోయిందన్న మాట.

ఇంకా వెనక్కి పోవచ్చు. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో ముప్ఫై వేల ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న నేలను తవ్వి, అందులోని డీఎన్ఏను చదివి 2011లో ఫలితాలు ప్రకటించారు. పెన్సిలిన్ జాతి మందులను, టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువులు అందులో ఉన్నాయి. మనిషికి మందుల షాపు లేని కాలం అది. ఈ జాతి ఎంజైముల వంశవృక్షాన్ని గీసిన శాస్త్రవేత్తలు వాటిలో కొన్నింటి పుట్టుకను రెండు వందల కోట్ల ఏళ్ళ కిందటికి తీసుకెళ్తారు. బూజులు, మట్టి బాక్టీరియా ఒకదాన్నొకటి అదుపు చేసుకోవడానికి రసాయనాలు తయారుచేసుకున్నాయి, వాటిని విరగ్గొట్టే ప్రోటీన్లూ తయారుచేసుకున్నాయి. ఆ పోరులోంచి మనం ఒక పక్షం ఆయుధాన్ని అరువు తెచ్చుకున్నాం. రెండో పక్షం దగ్గర ఏముందో చూసుకోకుండా టన్నుల కొద్దీ తయారుచేసి వాడాం.

సముద్రం దీనికి మినహాయింపేమీ కాదు. రొయ్య రైతు భయపడే విబ్రియో బాక్టీరియాల్లో ఒకటైన విబ్రియో పారాహీమోలిటికస్‌కు యాంపిసిలిన్ ఎందుకు పనిచేయదో 2015లో తేల్చారు. దాని సొంత క్రోమోజోములోనే ఒక బీటా-లాక్టమేజ్ (పెన్సిలినేజ్ జాతి ఎంజైము) జన్యువు ఉంది. ఎవరో మందు వాడినందువల్ల వచ్చింది కాదు, తాతల నాటి ఆస్తి. మందులకు లొంగని బాక్టీరియా కనిపించిన చోటల్లా రైతు తప్పేనని కేకలు వేసేవాళ్ళు ఈ సంగతి ఒకసారి చూడాలి. అలాగని రైతుకు, మందులమ్మేవాడికి దీన్నొక సర్టిఫికెట్‌గా ఇవ్వడమూ కుదరదు. పుట్టుకతో వచ్చిన ఎంజైము ఏది, ఆస్పత్రి మురుగులోంచో ఫ్యాక్టరీ కాలువలోంచో ఎక్కి వచ్చిన ఎంజైము ఏది అని విడదీసి చెప్పగలిగితేనే బాధ్యత ఎవరిదో తేలుతుంది. ఆ విడదీయడం ల్యాబులో జరగాలి.

రొయ్యలు పెంచే చోటల్లా ఆక్వా ల్యాబులున్నాయి. సీసాలో గుంట నీళ్ళు పట్టుకెళ్తే టీసీబీఎస్ ప్లేటు మీద పూసి, మర్నాటికి లెక్క చెబుతారు. చక్కెరను వాడుకునే విబ్రియోలు పసుపు చుక్కలుగా, వాడుకోలేనివి ఆకుపచ్చ చుక్కలుగా లేస్తాయి. గ్రీన్ కాలనీలు ఎక్కువంటే రైతు గుండె జారుతుంది. సున్నమో, బెల్లంలో పులియబెట్టిన ప్రోబయోటిక్కో, నీళ్ళ మార్పిడో సలహా వస్తుంది. లెక్క రాసుకున్నాక ఆ ప్లేటు పని అయిపోయినట్టే. ఆ ఆకుపచ్చ చుక్క లోపల ఏ ఎంజైము ఉంది, అది ఏ మందును ఎంత వేగంగా విరుస్తుంది అన్న ప్రశ్న అక్కడ పుట్టదు. పుట్టినా జవాబు చెప్పే సరంజామా అక్కడ ఉండదు.

ఆ సరంజామా ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూద్దాం. ఒక్క కాలనీని తీసి పోషక ద్రవంలో రాత్రంతా పెంచుతారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బాక్టీరియా అడుగున ముద్దగా దిగుతుంది. ఆ ముద్దను మంచులో పెట్టి, శబ్ద తరంగాలతో కణాల గోడలు పగలగొడతారు. మంచు ఎందుకంటే, ఆ తరంగాల వేడికే ఎంజైము చచ్చిపోవచ్చు. వచ్చిన రసంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి, కావలసింది ఒక్కటి. అక్కడినుంచి పని బియ్యం చెరిగినట్టే: ఒక్కో విసురుకు కొంత పొట్టు పోవాలి, గింజ మాత్రం చేటలోనే ఉండాలి. ముందు అమ్మోనియం సల్ఫేట్‌ను చిటికెడు చిటికెడుగా కలుపుతారు. పొలంలో వేసే ఎరువు ఉప్పే, కాకపోతే బాగా శుద్ధి చేసింది. ఉప్పు పెరిగేకొద్దీ ఒక్కో ప్రోటీను గుంపు తెల్లగా విరిగి కిందికి దిగుతుంది. కావలసిన గుంపును సన్నని పొర గొట్టంలో పోసి రెండు కొసలూ బిగించి, చల్లని ద్రావణంలో రాత్రంతా వేలాడదీస్తే ఉప్పు బయటకు పోతుంది. తరువాత గాజు స్తంభాలు. ఒకటి విద్యుదావేశాన్ని బట్టి, ఇంకొకటి పరిమాణాన్ని బట్టి ప్రోటీన్లను వేరుచేస్తుంది. కిందనుంచి చుక్క చుక్కగా దిగేదాన్ని వరసగా చిన్న గొట్టాల్లో పడతారు.

ఏ గొట్టంలో ఎంజైము ఉందో చెప్పడానికి 1972లో వచ్చిన నైట్రోసెఫిన్ అనే పదార్థం ఉంది. లేత పసుపు రంగు. బీటా-లాక్టమేజ్ దాని వలయాన్ని తెంచగానే ఎర్రబడుతుంది. ఎంజైము ఎక్కువున్న గొట్టంలో క్షణాల్లో కుంకుమ నీళ్ళలా తిరుగుతుంది, లేని గొట్టం పసుపుగానే నిలుస్తుంది. పరిశోధక విద్యార్థుల్ని అడిగి చూడండి, నెలల పాటు విసుగు పుట్టించే ఈ పనిలో వాళ్ళకు గుర్తుండిపోయేది ఆ ఎరుపే. ప్రతి మెట్టు దగ్గరా మొత్తం ప్రోటీను ఎంత, అందులో పనిచేసేది ఎంత అని పట్టిక రాయాలి. ప్రోటీను తగ్గుతూ, మిల్లీగ్రాముకు పనితనం పెరుగుతూ పోవాలి. చివరికి జెల్ మీద ఒకే ఒక్క గీత కనిపిస్తే శుద్ధి అయినట్టు.

అప్పుడు అసలు కొలత మొదలవుతుంది. ఏ పీహెచ్ దగ్గర చురుకు, ఎంత వేడి తట్టుకుంటుంది, ఏ మందును ఎంత గట్టిగా పట్టుకుంటుంది, సెకనుకు ఎన్ని అణువులు విరుస్తుంది. టెమ్-1 అనే ఎంజైము సెకనుకు వెయ్యికి పైగా పెన్సిలిన్ అణువుల్ని తెంచగలదు. దాని పేరు 1960ల్లో ఏథెన్సులో ఒక రోగి పేరులోని మొదటి అక్షరాల నుంచి వచ్చింది. ఇలాంటి కొన్ని ఎంజైములకు అడ్డుపడే క్లావులానిక్ ఆసిడ్ కలిపితే ఆగిపోతుందా, ఈడీటీఏ కలిపితే ఆగిపోతుందా అన్నది ఇంకో పరీక్ష. ఈడీటీఏ లోహాలను లాగేసుకుంటుంది. అది కలపగానే ఎంజైము చతికిలబడితే, లోపల జింక్ మీద ఆధారపడి నడిచేదన్న మాట. రిచర్డ్ ఆంబ్లర్ 1980లో మొదలుపెట్టిన వర్గీకరణ పెరిగి ఇప్పుడు ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులైంది. జింక్‌వి బీ తరగతిలోకి వస్తాయి.

ఇదంతా పుస్తకాల్లో దాచుకునే విద్య అనుకుంటే పొరపాటు. 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర దొరికిన జింక్ ఎంజైముకు, ఆయన అంతకుముందు ఢిల్లీలో చికిత్స పొందాడని, ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. 2010లో దీని మీద చెన్నైకి చెందిన కార్తికేయన్ కుమారస్వామి తదితరుల పరిశోధన వెలువడ్డాక మన దేశంలో పెద్ద రగడ నడిచింది. ఊరి పేరు పెట్టడం మర్యాద కాదన్న కోపం న్యాయమే. ఆ కోపంలో పడి అసలు విషయం పక్కకు పోయింది. ఈ ఎంజైము చివరి వరస మందులైన కార్బాపెనెమ్‌లనూ విరగ్గొడుతుంది. కానీ శుద్ధి చేసి కొలిచినప్పుడు ఒక లోపం బయటపడింది: ఆజ్‌ట్రియోనామ్ అనే పాత మందును ఇది విరగ్గొట్టలేదు. ఆ మందును విరిచేవి అదే బాక్టీరియాలో ఉండే వేరే ఎంజైములు. వాటిలో చాలావాటికి ఆవిబాక్టామ్ అడ్డం పడుతుంది. రెండింటినీ జతచేస్తే రోగి బయటపడే దారి దొరుకుతుంది. 2024లో యూరప్, 2025లో అమెరికా ఈ జోడీకి అనుమతి ఇచ్చాయి. చెన్నైలోని ఆర్కిడ్ సంస్థలో పుట్టిన ఎన్మెటాజోబాక్టామ్ కూడా ఇలా ఎంజైముకు అడ్డుపడే మందే. 2024 ఫిబ్రవరిలో అమెరికా దాన్ని అంగీకరించింది. మైపాడు నుంచి కోస్తా వెంట దక్షిణంగా కొన్ని గంటల ప్రయాణం చెన్నై.

మందులు రొయ్యల మేతలోకి ఎలా వచ్చాయన్న కథలో మన తెలుగువాడి పేరు ఒక మలుపులో తగులుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథి. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో లోకానికి తెలిసింది, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. తరువాత లెడర్లీలోనే స్టోక్‌స్టాడ్, జూక్స్ అనే ఇద్దరు కోడిపిల్లల మేతలో విటమిన్ బీ-12 కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని పెట్టి చూశారు. పిల్లలు ఎక్కువ బరువు పెరిగాయి. 1950లో ఆ వార్త వచ్చాక మందు మేతబస్తాలోకి చేరింది, కోడి నుంచి పందికి, అక్కడినుంచి చేపకు, రొయ్యకు పాకింది. ప్రాణాలు నిలిపిన పరిశోధనశాల గుమ్మంలోంచే ఈ అలవాటూ బయటికొచ్చింది. సుబ్బారావును తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, ఆయనకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

నెల్లూరు తీరంలో రొయ్యల పిచ్చి 1990ల మొదట్లో అంటుకుంది. కండలేరు వాగు పొడవునా, సముద్రపు ఒడ్డునా టైగర్ రొయ్యల గుంటలు లేచాయి. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల సాగు మీద తీర్పు చెబుతూ నియంత్రణ మండలిలో కట్టిన గుంటలను తొలగించమంది. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి సాగుకు చట్టబద్ధత ఇచ్చింది. 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలు మళ్ళీ నిండాయి. ఈ మొత్తం కథలో రైతును ముంచిన తెగుళ్ళను ఒకసారి చూడండి. తెల్లమచ్చ వైరస్. ఇప్పుడు పెరుగుదలను తినేస్తున్న ఈహెచ్‌పీ బూజులకు దగ్గరి చుట్టమైన జీవి. ఈ రెండింటి మీదా యాంటీబయాటిక్ వీసమెత్తు పనిచేయదు. అయినా చెక్‌ట్రేలో మేత మిగిలి, గట్టు పక్కన రొయ్య తేలడం మొదలైన రాత్రి, అప్పు తెచ్చి సీడు వేసిన మనిషికి ఆ తర్కం చెప్పడం కష్టం. ఏదో ఒకటి వెయ్యాలి అనిపిస్తుంది. ఏదో ఒకటి అమ్మేవాడు ఎప్పుడూ ఉంటాడు.

నిషేధాలు లేక కాదు. క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లను ఆక్వాలో వాడకూడదని 2002 నుంచీ నిబంధన ఉంది. ఆక్సీటెట్రాసైక్లిన్ అవశేషం కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. యూరప్‌కు పోయే సరుకుకు పట్టుబడి ముందే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ల్యాబులో పరీక్ష చేయించాలి. అయినా మందుల ఆనవాళ్ళు దొరుకుతూనే ఉన్నాయని 2016లో యూరప్ మన సరుకు మీద తనిఖీని నూటికి పది నుంచి యాభైకి పెంచింది. కంటెయినర్ వెనక్కొస్తే ఎగుమతిదారు గగ్గోలు, ఆ నష్టం మెల్లగా కౌంటు ధరలోకి దిగి రైతు నెత్తిన పడటం, ఇదంతా మనం చూస్తున్నదే.

ఇక్కడే మా అభ్యంతరం. ఈ పరీక్షలన్నీ కొనేవాడి కంచంలోకి వెళ్ళే రొయ్యలో మందు ఎంత ఉందన్న ప్రశ్నకే జవాబు. మందు వేసి, గడువు దాటేదాకా ఆగి పట్టుబడి చేస్తే రొయ్య పరీక్షలో పాసవుతుంది. ఈలోగా ఆ మందును తట్టుకుని బతికిన బాక్టీరియా గుంట అడుగున ఉంటుంది, నీళ్ళు వదిలినప్పుడు వాగులోకి, బకింగ్‌హాం కాలువలోకి, సముద్రంలోకి పోతుంది. ఎంజైము తయారుచేసే జన్యువు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ చుట్ట మీద ఉంటే ఒక జాతి నుంచి ఇంకో జాతికి చేతులు మారుతుంది. దీన్ని ఏ దేశమూ మనకు తిప్పి పంపదు, దానికి సర్టిఫికెట్టు అడిగే కొనుగోలుదారు లేడు. ఆ నీళ్ళలో దిగేది వలల వాళ్ళు, గుంటల మీద కూలికి పోయేవాళ్ళు, ఆదివారం మైపాడు బీచికి పిల్లలతో వచ్చేవాళ్ళు. విదేశీ భోక్త ఆరోగ్యానికి పెట్టిన శ్రద్ధలో సగమైనా స్థానికుడి మీద పెట్టలేదంటే అది అతిశయోక్తి కాదు.

ఫ్యాక్టరీల విషయంలో ఈ నిర్లక్ష్యం మరీ బాహాటం. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటకు పోయే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఫ్యాక్టరీ నీటిలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి.

మరి మందును విరిచే ఎంజైముతోనే ఆ నీళ్ళు శుభ్రం చేయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. శుద్ధి చేసిన ఎంజైముకు ఒక గొప్ప సుగుణం ఉంది: అది ప్రోటీను మాత్రమే, జన్యువు కాదు, ఇంకో బాక్టీరియాకు అంటుకోదు. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ ఎంజైమును మార్చి చేసిన రైబాక్సమేజ్ అనే మందును ఆస్పత్రుల్లో పరీక్షించి చూశారు. సూది ద్వారా ఎక్కించిన యాంటీబయాటిక్ పేగుల్లోకి చేరినప్పుడు అక్కడే దాన్ని విరిచి మంచి బాక్టీరియాను కాపాడటం దాని పని. ఫలితం ఆశాజనకంగానే వచ్చింది. కానీ ఫ్యాక్టరీ నీళ్ళలో ఇది చెల్లే మాట కాదు. పెన్సిలిన్ జాతి ఎలాగూ నీళ్ళలో తొందరగానే విడిపోతుంది. మొండికేసి నిలిచేది సిప్రోఫ్లాక్సాసిన్ లాంటిది, దానికి బీటా-లాక్టమేజ్ ఎందుకూ పనికిరాదు. ఎంజైము బదులు దాన్ని తయారుచేసే బాక్టీరియానే నీళ్ళలో పోయమనేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే నిప్పును కిరసనాయిలుతో ఆర్పినట్టే. ఇదే అనుమానం గుంటల్లో పోసే ప్రోబయోటిక్ ప్యాకెట్ల మీదా రావాలి. వాటిలో తరచూ ఉండేవి బాసిల్లస్ జాతులు. 1950ల నుంచీ మార్టిన్ పొలాక్ లాంటివాళ్ళు పెన్సిలినేజ్‌ను శుద్ధి చేసి చదివింది బాసిల్లస్‌లలోనే, అందులో లైకెనిఫార్మిస్ ఒకటి. అన్ని స్ట్రెయిన్లలోనూ ఆ ఎంజైము ఉంటుందని కాదు. ప్యాకెట్ మీద స్ట్రెయిన్ నంబరు, దాని నిరోధక జన్యువుల పరీక్ష ఫలితం అచ్చువేయమని అడగడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2019లో ప్రపంచమంతటా 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బాక్టీరియా వల్లనే నేరుగా చనిపోయారని లాన్సెట్ అంచనా. ఆ లెక్కలో ఏ తీరం వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. ఐసీఏఆర్, ఎఫ్‌ఏఓ కలిసి నడిపే ఇన్‌ఫార్ అనే నెట్‌వర్కు చేపల, పశువుల బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో నమోదు చేస్తోంది. అది మొదటి మెట్టు. ఎందుకు లొంగదో చెప్పే రెండో మెట్టు ఎంజైము దగ్గరుంది.

దీనికి కొత్త సంస్థకు శంకుస్థాపన చేసి, మంత్రిగారి ఫొటోతో ఫలకం పాతనక్కర్లేదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ 1991 నుంచి ఉంది. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది. ఆక్వా ల్యాబుల్లో రోజూ ప్లేట్లు పుడుతున్నాయి. లెక్కపెట్టాక పారేసే ప్లేటు మీంచి గుంట పేరు, తేదీ, వేసిన మందుల వివరం రాసి ఒక్క కాలనీని గ్లిసరాల్ సీసాలో దాచి, వారానికొకసారి కాలేజీ ఫ్రీజరుకు చేరవేస్తే చాలు, నమూనాల కోసం విద్యార్థులు ఊరూరా తిరగనక్కర్లేదు. రైతు పేరు బయటపెట్టకూడదన్నది మొదటి షరతు కావాలి. లేకపోతే వేసిన మందు గురించి ఎవరూ నిజం చెప్పరు. నైట్రోసెఫిన్ బిళ్ళతో ముందు వడపోత చేసి, ఎర్రబడినవాటిలో కొత్తగా కనిపించే వాటిని మాత్రమే శుద్ధికి తీసుకోవాలి. ఖర్చును ఎగుమతిదారులూ ప్రభుత్వమూ పంచుకోవచ్చు. కంటెయినర్ తిరిగొస్తే పోయే సొమ్ముతో పోలిస్తే అది పెద్ద పద్దు కాదు.

మొదలుపెట్టడానికి సమయం కూడా ఎదురుగానే ఉంది. పట్టుబడి అయ్యాక గుంటలు ఎండగట్టి, అడుగు మట్టి గీకి, సున్నం చల్లుతారు. సున్నం పడ్డాక ఆ మట్టిలో చదవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఈసారి మైపాడు చుట్టుపక్కల నీళ్ళు తీసిన రోజునే, సున్నం బస్తా విప్పకముందే, ప్రతి గుంట నుంచి నాలుగు మూలలా నాలుగు చెంచాల బురద తీసి ఐస్ పెట్టెలో పెట్టి ముత్తుకూరుకు పంపించాలి.